తిరిగొచ్చిన కాసులు

కూర్చోమన్నా ఆ మనిషి కూర్చోలేదు. పంచె అంచున కట్టుకున్న చిన్న ముడి విప్పి, అందులో ఉన్నదాన్ని మేజా మీద పెట్టి, చెయ్యి గబుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"మీరే చూడండి సార్. నేను దాన్ని ఇంకోసారి ముట్టను."

ధర్మపురి బస్టాండు పక్క వీధిలో, జిరాక్సు అంగడి మీద ఉన్న గది అది. ప్రైవేట్ డిటెక్టివ్ మంజునాథ్ దగ్గరికి ఎక్కువగా పెళ్ళి సంబంధాల గురించి విచారించమని వచ్చేవాళ్ళే. వాళ్ళ కళ్ళల్లో అనుమానం ఉంటుంది. ఈ మనిషి కళ్ళల్లో ఉన్నది భయం.

మంజునాథ్ ఒళ్ళో కాగితం పరుచుకుని చెనక్కాయలు ఒలుస్తున్నాడు. ఎవరు ఏం చెప్పినా ఒలుస్తూనే వింటాడు. పనికొచ్చే మాట చెవిన పడితే మాత్రం ఆ వేళ్ళు ఆగిపోతాయి. ఆయన అసిస్టెంట్ నందితకి ఈ సంగతి తెలుసు. చెట్టికరైలో ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం దొరికేదాకా అని చేరి, ఈ వేళ్ళని చూడటానికే ఉండిపోయిన అమ్మాయి ఆమె.

మేజా మీద ఉన్నది పాతకాలపు బంగారు కాసు. దానికి పసుపు పూసిన తాళి దారం చుట్టి ఉంది. కాసు ఒక అంచున ముదురు ఎరుపు మరక.

"నెత్తురు" అన్నాడా మనిషి. "కడిగితే పోలేదు."

ఆయన పేరు వెంకటేశప్ప. పెన్నాగరం దారిలో ఒక ఊళ్ళో మామిడితోట, బోరు కింద పొలం ఉన్న రైతు. ఇంటికి పెద్దవాడు.

"ఇది మా అమ్మ కాసులపేరులోది సార్. అమ్మ పోతూ పోతూ నా భార్య మాదమ్మకిచ్చింది. ఏడేళ్ళ కింద ఆడి పద్దెనిమిది ఏటిపండగనాడు హొగెనకల్ ఏటి ఒడ్డున పోయింది. పోయిందంటే... పనిమనిషి ఎత్తుకునింది. మారమ్మ అని."

"ఎత్తుకోవడం చూసినారా?"

"చూసేదేముంది? ఆడోళ్ళు ఏట్లో మునిగి, కొత్త తాళి దారం కట్టుకుని, పాతది ఏటికి వదిలేది ఆనవాయితీ కదా. మాదమ్మ నగలన్నీ తీసి మూటగట్టి మారమ్మ పక్కన పెట్టి నీళ్ళలోకి దిగింది. వచ్చి చూస్తే అన్నీ ఉన్నాయి, కాసులపేరు లేదు. దాన్నే కాపలా పెడితిమి. ఇంకెవరు?"

"ఆమె ఏమనింది?"

"ముసలామె ఒకత్తె జారిపడితే లేపడానికి పోయినాను, అంతసేపే పక్కకి పోయినానని చెప్పింది. ఎవరు నమ్ముతారు?"

"తర్వాత?"

వెంకటేశప్ప గొంతు తగ్గింది. "వీధిలో కూర్చోబెట్టి జుట్టు కత్తిరించినాము. గొర్రెబొచ్చు తీసే కత్తెరతో."

"ఎవరు కత్తిరించింది?"

"...నేనే. ఒప్పుకుంటుందనుకుంటిని. ఒప్పుకోలేదు. మర్నాడు పోయి ఏట్లో పడింది. చిన్నపిల్ల ఒకతి ఉండేది. దాన్ని బొమ్మిడిలో ఎవరో చిన్నమ్మ తీసకపోయింది."

నందిత రాసుకోవడం ఆపి ఆయన చేతుల వంక చూసింది.

"ఇప్పుడు ఒకటొకటిగా కాసులు ఇంటికొస్తున్నాయి సార్. మొదటిది పాలచెంబులో. రెండోది మోటారు షెడ్డు గొళ్ళేనికి కట్టి ఉండె. ఇది మూడోది. దీన్ని ఆ కత్తెరకే కట్టినారు. పాకలో వేలాడేసి ఉండేది అది. అన్నీ ఇట్లనే, తాళి దారంతో. చచ్చిపోయిన మారమ్మ తాళి దారమే అంటుంది మా ఆవిడ." ఆయన ముఖం తుడుచుకున్నాడు. "మనిషైతే ఎవరో పట్టియ్యండి, పోలీసుకి అప్పజెప్తాను. దాచిన సొత్తు వాళ్ళ దగ్గర ఉందంటే దొంగతనం మారమ్మదేనని తేలిపోతుంది. మనిషి కాకపోతే... అదీ చెప్పండి."

ఆయన మెట్లు దిగిపోయాక మంజునాథ్ బల్ల కిందనుంచి నిమ్మకాయ తీసి కోసి, ఎర్ర మరక మీద రసం పిండి, చిటికెడు ఉప్పు వేశాడు. టీ తెప్పించుకుని తీరిగ్గా తాగాడు. తర్వాత గుడ్డతో గట్టిగా రుద్దితే గుడ్డకి ఇటుక రంగు పొడి అంటుకుంది.

"నెత్తురు కాదమ్మా. తుప్పు."

"బంగారానికి తుప్పు పట్టదు కదా సార్?"

"పట్టదు. పక్కనున్నదానికి పట్టింది. ఏళ్ళ తరబడి ఇది ఇనుమునానుకుని పడి ఉంది."

"ఎక్కడ?"

"అది తెలిస్తే మిగతాదంతా తెలిసినట్టే" అని మంజునాథ్ మళ్ళీ చెనక్కాయ అందుకున్నాడు.

* * *

ఆదివారం పొద్దున వాళ్ళు పోయేసరికి వెంకటేశప్ప ఇంట్లో మాంసం కూర ఉడుకుతోంది. మాదమ్మ మొహం దించుకునే మాట్లాడింది.

"మూట నేనే కట్టినానయ్యా. మారమ్మ మా ఇంట్లో ఎన్నేళ్ళుగానో చేస్తా ఉండె. ఎప్పుడూ ఒక గింజ ముట్టలేదు. ఆ మాట ఆరోజు చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు."

"ఇంటికి కొత్తవాళ్ళెవరన్నా వస్తున్నారా?"

"ఎంతమందో వస్తారు. పాత చీరలకి గిన్నెలిచ్చేవాళ్ళు, పాత ఇనుము కొనేవాళ్ళు, ఉప్పు అమ్మేవాళ్ళు. వాళ్ళ ముఖాలు ఎవరు చూస్తారు?"

అప్పుడే వెంకటేశప్ప తమ్ముడు ప్రతాప్ లోపలికొచ్చాడు. కోర మీసం, నూనె పెట్టి వెనక్కి దువ్విన దట్టమైన జుట్టు. పందెం ఎద్దులు పెంచుతాడని ముందే విన్నారు.

"డిటెక్టివా! మా అన్నకి పెళ్ళి సంబంధం ఏమన్నా చూస్తున్నారా ఏమి?" అని తనే నవ్వాడు.

"ఆడి పద్దెనిమిదినాడు మీరు ఎక్కడున్నారు?" అన్నాడు మంజునాథ్.

"బండి తోలింది నేనే. ఏటి ఒడ్డునే విప్పినాను. ఒక ఎద్దుకి లాడం ఊడి చేతికొచ్చింది. దాన్ని చూసుకోవడంతోనే సరిపోయింది. నగలు పోయినాయని కేకలేస్తే అప్పుడు పరిగెత్తినాను."

"కాసులు ఎవరు పంపుతున్నారని మీ అనుమానం?"

"ఇంకెవరు? ఏటి ఇసుకలో మిషన్ పెట్టి నగలు వెతికేవాడొకడు ఉన్నాడంట. మారమ్మ పూడ్చిపెట్టింది వాడికి దొరికి ఉంటుంది. వాణ్ణి పట్టి నాలుగు తగిలిస్తే కక్కుతాడు."

"ఆయన మీకు తెలుసా?"

"నేనెందుకు చూస్తాను? జనం చెప్పుకుంటారు."

మాదమ్మ తోట కాపలా మనిషికి క్యారియర్లో కూర సర్ది మూత పెట్టబోయింది. ప్రతాప్ మాట మధ్యలో ఆపి, మొలతాడుకి కట్టుకున్న ఇనుప మేకు ఒకటి ఊడదీసి మూత మీద పెట్టాడు.

"మా మరిదికి ఇదొక పిచ్చి" అంది మాదమ్మ. "చిన్నప్పుడు దయ్యం గాలి సోకి చావు దాకా పోయి వచ్చినాడు. అప్పటినుంచి ఇనుము తోడు లేకుండా మాంసం గడప దాటనియ్యడు."

"నవ్వు వదినా, నవ్వు. ఆ తోటలో ఎన్ని తిరుగుతుంటాయో నీకేం తెలుసు?" అన్నాడు ప్రతాప్. అతను మాత్రం నవ్వలేదు.

మంజునాథ్ జేబులోంచి తీసిన చెనక్కాయ ఒలవకుండా వేళ్ళ మధ్యే ఉండిపోయింది. నందిత ఆ వేళ్ళనీ చూసింది, మూత మీద మేకునీ చూసింది. ఆమెకేమీ అర్థం కాలేదు.

* * *

హొగెనకల్లో ఎండాకాలపు ఇసుక తెల్లగా కాలుతోంది. సందడి అంతా జలపాతం దగ్గర, పుట్టీల రేవు దగ్గర. కిందికి నడిస్తే జనం పల్చబడ్డారు. అక్కడ ఒక సన్నటి మనిషి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కర్ర చివర పళ్ళెం ఉన్న యంత్రాన్ని ఇసుక మీద అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తున్నాడు. వెనకాల తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక పిల్ల పారతో, గోనెసంచితో నడుస్తోంది.

అతని పేరు చిన్నప్పన్. బెంగళూరులో పాత మిలిటరీ సామాన్లమ్మే అంగట్లో ఆ యంత్రం కొన్నాడు. ఉంగరమో గొలుసో పోగొట్టుకున్నవాళ్ళు పిలిస్తే వెతికి పెడతాడు.

"బంగారమైతే ఈల వేస్తుంది సార్. ఇనుమైతే కప్ప అరిచినట్టు బెకబెకమంటుంది. ఈ ఇసుక నిండా మేకులు, సీసామూతలు, గాలాలే. కప్ప అరిస్తే నేను దాటిపోతా ఉంటాను."

"దాటిపోతే?"

"వెనకాల ఈ పూంగొడి తవ్వుకుంటుంది. పాత ఇనుము అమ్ముకుంటుంది. నాతో పాటు ఇసుకలో, మిగతా రోజులు ఊళ్ళ మీద."

"ఈల ఆయనది, కప్ప నాది" అంది ఆ పిల్ల, తలెత్తకుండా.

"చిన్నప్పన్, ఎవరన్నా ఎక్కడ వెతకాలో ముందే చూపించి మరీ వెతకమన్నారా?"

చిన్నప్పన్ వెంటనే నవ్వాడు. "అదేంది సార్, చూసినట్టు అడుగుతున్నారే! రెండేళ్ళ కింద ఒక మీసాలాయన వచ్చినాడు. ఉంగరం పోయిందన్నాడు. అదిగో, ఆ ఏనుగుబండ ఉంది చూడండి, దాని చుట్టే తిప్పించినాడు. అవతల ఈల వేస్తోంది రా సామీ అన్నా రానియ్యలేదు. పొద్దంతా బండ మొదట్లో కప్పే అరిచింది. నీ మిషన్ పనికిమాలినదని తిట్టిపోయినాడు. అప్పటికి ఈ పిల్ల ఇంకా నా దగ్గర చేరలేదు. మొన్న మళ్ళీ వచ్చినాడు. ఇక్కడ ఎవరు తవ్వినారు, ఏం దొరికిందని ఒకటే అడగడం."

గాలికి పూంగొడి తువ్వాలు జారింది. పదిహేడేళ్ళ పిల్ల తల మీద వేలెడు జుట్టు కూడా లేదు. కత్తెరతో మొదలుకంటా కత్తిరించుకుని ఉంది. మొక్కుకి గుండు చేయించుకున్న తల కాదది. అక్కడక్కడ మెట్లు మెట్లుగా ఉంది. ఆమె తువ్వాలు సర్దుకుంది కానీ తొందరపడలేదు.

మంజునాథ్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, వచ్చే ఆదివారం పొద్దున ఏనుగుబండ దగ్గరికి రా. నీ సంచిలో అమ్మకుండా ఉంచుకున్న ఇనుము ఏదన్నా ఉంటే తీసుకునిరా."

పూంగొడి పార ఇసుకలో గుచ్చింది. "ఎవరెవరు వస్తారు?"

"ఇంటిల్లిపాదీ."

"అయితే వస్తాను."

బస్సులో నందిత ఉండబట్టలేకపోయింది. "ఆ పిల్ల మారమ్మ కూతురు. కాసులు పంపేది ఆమే. అవునా సార్?"

"అవును."

"వెంకటేశప్పకి చెప్తారా?"

"ఇప్పుడు చెప్తే ఏమవుతుంది?"

నందిత ఆలోచించింది. "దొంగ కూతురి దగ్గర దొంగసొత్తు దొరికిందంటారు. పిల్లని జైల్లో పెడతారు. తల్లి దొంగతనం ఇంక ఎప్పటికీ చెరగదు."

"అందుకే ఇద్దరినీ ఒకేచోట చూపించాలి. ముందు దొంగని. తర్వాత ఆ పిల్లని."

* * *

చెప్పిన ఆదివారం ఏనుగుబండ నీడలో వెంకటేశప్ప, మాదమ్మ, ప్రతాప్ నిలబడ్డారు. మంజునాథ్ తెమ్మన్నాడని వెంకటేశప్ప గొర్రెకత్తెర గుడ్డలో చుట్టి తెచ్చాడు. కాస్త దూరంలో చిన్నప్పన్, పూంగొడి. తువ్వాలు చుట్టుకున్న పిల్లని ఆ ఇంటివాళ్ళు తిరిగి కూడా చూడలేదు.

"కాసు మీద ఉన్నది తుప్పు" అని మొదలుపెట్టాడు మంజునాథ్. "మూటలోంచి జారిపోయిన నగ ఇసుకలో ఒంటరిగా పడి ఉంటుంది. మీ కాసులపేరు ఇనుముతో కలిసి ఉంది. అంటే జారిపోలేదు, ఎవరో పూడ్చినారు."

"మారమ్మ పూడ్చింది" అన్నాడు ప్రతాప్.

"కావచ్చు. కానీ బంగారం దాచేవాళ్ళకి ఇనుమెందుకు? ఒంటరిగా వదిలిన బంగారం చుట్టూ గాలి చేరుతుందని భయపడే మనిషికే ఇనుము కావాలి. చేతికి దొరికిన ఇనుము తోడు పెట్టి పూడ్చినాడు. పొద్దు గుంకినాక వచ్చి తీసుకుందామనుకున్నాడు. ఆ సాయంత్రమే పైన వానలు పడి కొత్తనీరొచ్చింది. నీళ్ళు తగ్గేసరికి ఇక్కడ నిలువెత్తు ఇసుక మేట వేసింది. ఏళ్ళు గడిచి, వరదలకి మేట కొట్టుకుపోయినాక ఆ మనిషి మిషన్ తెచ్చుకున్నాడు. ఉంగరం పోగొట్టుకున్నవాడు తిరిగిన చోటల్లా వెతికిస్తాడు. ఇతను బండ మొదలొక్కటే వెతికించినాడు. పోగొట్టుకున్నవాడికి చోటు తెలియదు. పూడ్చినవాడికి తెలుసు."

"మరి దొరకలేదే?" అన్నాడు వెంకటేశప్ప.

"అతని ఇనుమే అతనికి అడ్డం పడింది. పైనున్న ఇనుముకి మిషన్ కప్పలాగా అరిచింది. చిన్నప్పన్ దాటిపోయినాడు. తర్వాత అతని దగ్గర చేరి, వెనకాల కప్పల్ని తవ్వుకునే పిల్లకి దొరికింది."

పూంగొడి ముందుకొచ్చి సంచిలోంచి ఒక గుడ్డమూట, తుప్పు పట్టిన ఎద్దులాడం తీసి ఇసుక మీద పెట్టింది. లాడం మీద పొరకట్టిన తుప్పులో గుండ్రటి కాసుల గుర్తులు వరసగా దిగి ఉన్నాయి.

"లాడం!" అన్నాడు వెంకటేశప్ప. ఆయన తల మెల్లగా తమ్ముడి వైపు తిరిగింది.

"లోకంలో లాడాలకేం కరువు? ఎవడి ఎద్దుదో!" ప్రతాప్ గొంతు పెంచాడు. "దొరికింది కదా, సొమ్ము తీసుకుని పోదాం రా అన్నా. ఈ పిల్లని పోలీసుకిచ్చి..."

"సరే" అన్నాడు మంజునాథ్. గుడ్డమూట తీసి అతని చేతుల్లో పెట్టాడు. "మారమ్మ పడిన ఏరు ఇదే. ఆమె పేరు చెప్పుకుని ఇన్నేళ్ళు పడి ఉన్న సొమ్ము ఇది. బస్సెక్కేదాకా మీరే మొయ్యండి."

ప్రతాప్ మూట పట్టుకున్నాడు. ఒక్క అడుగు వేశాడు. అతని కుడిచెయ్యి తనంతట తానే మొలతాడు దగ్గరికి పోయింది. మేకు ఊడదీసి మూట ముడిలోకి దూర్చింది.

తన చెయ్యి ఏం చేసిందో అందరికంటే ఆఖరున ప్రతాప్ చూసుకున్నాడు.

"ఈయనే సార్" అన్నాడు చిన్నప్పన్. "ఆ మీసాలాయన."

"అమ్మ కాసులపేరు అంతా వదినకేనా?" ప్రతాప్ అరిచాడు. "నేను కొడుకుని కానా? నాకేమిచ్చింది అమ్మ? మంచి ఎద్దుల జత కొనుక్కుందామనుకుంటిని, అంతే! మారమ్మ చస్తుందని నాకేం తెలుసు?"

"ఆమె చేతులు పట్టుకున్నది నువ్వేరా" అన్నాడు వెంకటేశప్ప. "నేను కత్తిరిస్తా ఉంటే వెనకనుంచి చేతులు పట్టుకున్నది నువ్వే. గట్టిగా పట్టుకోరా అంటే ఇంకా గట్టిగా పట్టుకుంటివి."

పూంగొడి తువ్వాలు విప్పింది. మాదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నన్ను గుర్తుపట్టినావా అమ్మా? నీ ఇంటి వాకిట్లో ఇనుము కొన్నాను. నీళ్ళిచ్చినావు. ముఖం చూడలేదు." ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. "లాడం చూస్తానే, ఆరోజు బండి తెచ్చిన ఈ ఇంట్లోవాళ్ళ పనే అని తెలిసింది. ఎవరో తెలియలేదు. మొదటి కాసు పంపినాక ఈయన పరిగెత్తుకుని ఇక్కడికొచ్చినాడు. అప్పుడు తెలిసింది."

"తెలిసినాక కూడా ఎందుకు పంపినావమ్మా?" అన్నాడు వెంకటేశప్ప.

"ఆయన దొంగ. నువ్వు కత్తెర పట్టుకున్నవాడివి. నీకు నిద్ర ఎందుకు పట్టాలి?"

వెంకటేశప్ప చేతులు జోడించాడు. "పొలం రాసిస్తాను. ఏం కావాలో అడుగు."

"మా అమ్మని కూర్చోబెట్టిన చోటే ఈయన్ని కూర్చోబెట్టు. ఊరంతా చూడాలి. కత్తెర నువ్వే పట్టాలి. జుట్టూ, మీసమూ రెండూ పోవాలి. చేతులు ఈమె పట్టుకోవాలి." మాదమ్మ వైపు చూసింది. "ఆరోజు పక్కనే ఉండి నోరు విప్పలేదు కదా. ఈరోజు గట్టిగా చెప్పాలి. మారమ్మ దొంగ కాదని. తర్వాత స్టేషన్‌కి పోయి అదే మాట రాసియ్యండి."

నందిత మంజునాథ్ దగ్గరికి జరిగి మెల్లగా అడిగింది. "సార్, మీరేమీ అనరా?"

"ఎవరు చేసినారో చెప్పమన్నారు. చెప్పినాను" అన్నాడు ఆయన. ఆరోజు ఆయన జేబులో చెనక్కాయలు అలాగే ఉన్నాయి.

* * *

మర్నాడు ఆ వీధిలో జరిగింది చూడటానికి నందిత ఒక్కతే వెళ్ళింది. కత్తెర మొద్దుబారి ఉంది. వెంకటేశప్ప చెయ్యి ఆగలేదు. ప్రతాప్ ఒకసారి లేవబోయాడు. మాదమ్మ అతని మణికట్లు వదలలేదు. ఆమె ఏడుస్తూనే, వీధి చివరిదాకా వినిపించేలా మారమ్మ పేరు చెప్పింది, దొంగ కాదని చెప్పింది. మొదట నవ్విన కుర్రవాళ్ళు మీసం తెగినప్పుడు నవ్వడం మానేశారు. పెద్దవాళ్ళలో చాలామంది తల దించుకున్నారు. ఏడేళ్ళ కింద కూడా వాళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు.

అంతా అయ్యాక పూంగొడి కాసుల మూట తెచ్చి మాదమ్మ ఒళ్ళో పడేసింది. మాదమ్మ వద్దంటూనే విప్పింది. పతకంలో జంటచిలకలు అలాగే ఉన్నాయి. ఎన్నో ఏళ్ళు మెడలో వేసుకున్న నగ అది. వేళ్ళతో తడిమితేనే తెలిసిపోయింది.

"ఇంటికొచ్చిన మూడూ కలిపినా ఇందులో ఒక కాసు తక్కువుంది" అంది మెల్లగా.

"అవును" అంది పూంగొడి. తువ్వాలు మళ్ళీ తలకి చుట్టుకుని, ఇనుము సంచి భుజానికెత్తుకుంది. "అది నా దగ్గరే ఉంది. ఎప్పుడొస్తుందో, ఏ చెంబులో ఉంటుందో, రోజూ చూసుకుంటా ఉండండి."

ఆమె వెనక్కి తిరిగి చూడకుండా వీధి దాటిపోయింది. సంచిలో ఇనుము ఒకదానికొకటి తగిలి మోగుతున్న చప్పుడు మలుపు తిరిగాక కూడా చాలాసేపు వినిపించింది.